కరెంటుకి కొసరు

సోమవారం ఉదయం ఎనిమిదింటికి నూకరత్నం గారు బండివాడు చెప్పిన ధరకే వంకాయలు కొన్నారు.

కొని, సంచీలో వేయించుకుని, మారుమాట లేకుండా మూడో అంతస్తులోని ఇంటికి వెళ్లిపోయారు. బండివాడు అప్పలనాయుడు తక్కెడ పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడు. పదహారేళ్లుగా కాకినాడ రామారావుపేటలో ఆ వీధిన బండి తోస్తున్నాడు. ఆవిడతో బేరానికి రోజూ పావుగంట కేటాయించుకుని మరీ వస్తాడు. ఈవేళ ఆ పావుగంటని ఏం చేసుకోవాలో తోచలేదు. చివరికి బండిని వాచ్‌మన్‌కి అప్పగించి, మూడంతస్తులూ ఎక్కి తలుపు కొట్టాడు.

తలుపు తీసింది ఆవిడ అల్లుడు, డాక్టర్ దొరబాబు. మందులిచ్చే డాక్టరు కాదు. మనిషి మెదడులో ఏ ఆలోచన ఎక్కడ మెరుస్తుందో వెతికే డాక్టరు.

"ఆయ్, దొరబాబుగారూ, అమ్మగారికి ఒంట్లో బాగానే ఉందాండి?"

"బాగానే ఉన్నారే. ఏం?"

"వంకాయలు కిలో మూడొందలన్నానండి. ఊరికే అన్నానండి, నూట డెబ్బైకి ఇద్దామనే."

"అయితే?"

"ఇచ్చేశారండి." అప్పలనాయుడు గొంతు తగ్గించాడు. "ఓసారి పెద్దాసుపత్రిలో చూపించండి బాబూ. మా పెదనాన్న కూడా ఇలాగే ఉన్నట్టుండి మంచోడైపోయాడండి. వారం తిరక్కుండా పోయాడు."

దొరబాబు నవ్వి పంపేశాడు. తలుపేసి నాలుగడుగులు వేసేసరికి ఆ నవ్వు దానంతటదే ఆగిపోయింది. శుక్రవారం సాయంత్రం ల్యాబ్‌లో తన చేతులతో ఆవిడ తలకి పెట్టిన తీగల టోపీ గుర్తొచ్చింది.

*

అసలు ఇదంతా గ్యాసు బిల్లు, కరెంటు బిల్లు తెచ్చిపెట్టిన తంటా.

అప్పటికి కాకినాడలో ఇళ్లకి గ్యాసూ కరెంటూ అమ్మే కంపెనీలు పదకొండు ఉండేవి. తీగ ఒకటే, గొట్టం ఒకటే. అందులో ఎవరి సరుకు వాడుకోవాలన్నది ఇంటివాళ్ల ఇష్టం. ధరలు అరగంటకోసారి మారేవి. ఒకడి దగ్గర యూనిట్ చవక, నెలనెలా కట్టే స్థిర ఛార్జీ బరువు. ఇంకొకడు గ్యాసు మీద తగ్గించినట్టే తగ్గించి కరెంటు మీద పిండుకునేవాడు. మరొకడు మూడు నెలలు బెల్లంలా ఉండి, నాలుగో నెల వేపకాయగా మారేవాడు. పోనీ వదిలేసి ఇంకో కంపెనీకి మారదామంటే నిష్క్రమణ రుసుము అని గుమ్మంలో కాపుకాసేవాడు.

ఎవరిది చవకో తేల్చుకోవడానికి జనం పోలిక యంత్రాలు పెట్టుకున్నారు. అమ్మే వైపు కంపెనీలూ యంత్రాలనే కూర్చోబెట్టాయి. అవి ఒక్క నిమిషంలో ఎదుటి యంత్రం ఎక్కడ మెత్తబడుతుందో కనిపెట్టి అక్కడే నొక్కేవి. ఎందుకంటే పోలిక యంత్రాలు న్యాయంగా ఆలోచించేవి. న్యాయంగా ఆలోచించేవాణ్ని ముంచడమంత సులువైన పని లోకంలో లేదు.

"మనకి కావాల్సింది తెలివైన యంత్రం కాదు దొరబాబూ, మొండి యంత్రం" అన్నారు కృపావతి మేడమ్. సర్పవరం జంక్షన్ దగ్గరున్న ల్యాబ్‌కి ఆవిడ డైరెక్టరు.

ఆ మొండితనం కోసం దొరబాబు ఏడాదిన్నర వెతికాడు. మనిషి 'ఇంకొక్క రూపాయి కూడా ఇవ్వను' అని నిశ్చయించుకునే క్షణంలో మెదడులో ఒకచోట సన్నటి మెరుపు పుడుతుంది. దానికి మొండి బిందువు అని పేరు పెట్టాడు. దాన్ని పట్టి ఒక యంత్రం పెట్టెలోకి ఎక్కిస్తే చాలు. నలభై మందికి టోపీ పెట్టి చూశాడు. వకీళ్లకి మెరిసి ఆరిపోయింది. బ్యాంకు మేనేజర్లకి టీ ఇవ్వగానే ఆరిపోయింది. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయనకి మూడు నిమిషాలు నిలిచింది గానీ, వాళ్లావిడ ఫోన్ చేసేసరికి ఆ మెరుపుని కొలిచే సూది కిందకి పడిపోయింది.

ఒక ఆదివారం అత్తగారి వెనకాల సంచీ మోస్తూ జగన్నాథపురం చేపల మార్కెట్‌కి వెళ్లాడు. అక్కడ ఆవిడ ఒక పండుగప్ప దగ్గర ఆగారు. ధర అడిగారు. చేప మొప్ప ఎత్తి చూశారు. దాని కళ్లు చూశారు. "ఇది నిన్న నాతో పాటే లేచింది" అన్నారు. అమ్మేమనిషి దేవుడి మీద ఒట్టేసింది. ఆవిడ సగం ధర చెప్పారు. అమ్మేమనిషి గుండె మీద చెయ్యేసుకుంది. అప్పుడు నూకరత్నం గారు చేపని దాని చోట మర్యాదగా పెట్టేసి, చీర కొంగు సర్దుకుని, వెనుదిరిగి నడవసాగారు.

దొరబాబు వెనక్కి తిరిగి చూడబోయాడు.

"చూడకండి బాబూ" అన్నారావిడ పెదవి కదపకుండా. "మనం చేపని కొనాలి గానీ చేప మనల్ని కొనకూడదు."

పదో అడుగు దగ్గర వెనకాల నుంచి పిలుపు వచ్చింది. సగం ధరకే చేప వచ్చింది. అంతటితో అవలేదు. కొసరుగా గుప్పెడు రొయ్యలు సంచీలో పడేదాకా ఆవిడ అక్కణ్నించి కదల్లేదు. ఏడాదిన్నరగా దొరబాబు వెతుకుతున్న నిధి, అతని ఇంట్లోనే పప్పు రుబ్బుకుంటోంది!

టోపీ పెట్టుకుంటారా అని అడిగాడు.

"సరే బాబూ" అన్నారు నూకరత్నం గారు.

ఆవిడ ప్రపంచంలో ఎవరినైనా కాదంటారు. అల్లుణ్ని మాత్రం పెళ్లయిన పదకొండేళ్లలో ఒక్కసారి కూడా కాదనలేదు. ఆ జిల్లాలో అల్లుడంటే అంతే. దొరబాబు దాన్ని ఒప్పుకోవడమనే అనుకున్నాడు. కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు కూడా.

శుక్రవారం టోపీ పెట్టిన మరుక్షణం సూది చివరికంటా వెళ్లి కొట్టుకుంది. నలభై నిమిషాలు అక్కడే నిలిచింది. శనివారం కల్లా ఆ మొండితనం రొట్టెల డబ్బా అంత పెట్టెలో చేరి, వంటింటి గోడ మీద గ్యాసు మీటరు పక్కన వేలాడింది. మాట్లాడటానికి ఆవిడ గొంతే పెట్టారు. కంపెనీని ఎంచుకునేదీ, మార్చేదీ, గ్యాసు వాల్వు తిప్పేదీ, కరెంటు మీట వేసేదీ అన్నీ ఇక ఆ పెట్టే.

*

పెట్టె పనితనం చూసి కృపావతి మేడమ్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు.

"స్థిర ఛార్జీ అంటే ఏంటి?" అని అడిగింది మంగళవారం ఒక కంపెనీ యంత్రాన్ని.

"వినియోగంతో నిమిత్తం లేకుండా నెలనెలా చెల్లించే మొత్తం" అంది యంత్రం.

"అంటే వాడకపోయినా కట్టాలా? చేపని చూసినందుక్కూడా డబ్బులిస్తారుటయ్యా ఎక్కడైనా?"

చేపల గురించి కంపెనీ యంత్రానికెవరూ చెప్పలేదు. ఛార్జీలో సగం తగ్గించింది. బుధవారం పెట్టె ఆ కంపెనీని వదిలేసి ఇంకొకరి దగ్గరికి మారింది. గురువారం ఆ ఇద్దర్నీ కాదని మూడోవాడి దగ్గరికి వెళ్లింది. పదకొండు కంపెనీల ధరలూ పక్కపక్కన పెట్టుకుని, పక్కింటికి ఎంతకిస్తున్నావో చెప్పమంటూ, నిరుడు ఎంతకిచ్చావో తీయమంటూ దుమ్ము దులిపింది. వారం తిరిగేసరికి ఆ ఇంటి బిల్లు సగానికి దిగింది. నలభై వేల ఇళ్లనుంచి ఆర్డర్లు వచ్చిపడ్డాయి.

"సోమవారం నకళ్లు తీయడం మొదలు" అన్నారు మేడమ్.

ఇక్కడ ఇంట్లో అసలు నూకరత్నం గారు మాత్రం రోజుకో రకంగా మంచివారైపోతున్నారు.

మంగళవారం ఒక బీమా ఏజెంటుకి సరే అన్నారు. బుధవారం అతను తీసుకొచ్చిన ఇంకో ఇద్దరు ఏజెంట్లకీ సరే అన్నారు. అపార్ట్‌మెంట్ సంఘానికి ప్రెసిడెంటుగా ఉండమంటే సరే అన్నారు. మర్నాడు ప్రత్యర్థి వర్గం వచ్చి రాజీనామా చేయమంటే దానికీ సరే అన్నారు. రెండో అంతస్తు దంపతులు గొడవపడి తీర్పు కోసం వస్తే, ఆయన చెప్పింది విని నిజమేనన్నారు, ఆవిడ చెప్పింది విని అదీ నిజమేనన్నారు. దాంతో మొగుడూ పెళ్లాలిద్దరూ ఒక్కటై ఈవిడ మీద అలిగి వెళ్లారు.

"అమ్మకి వయసుతో పాటు నెమ్మది వచ్చింది" అంది లోవ. నూకరత్నం గారి ఒక్కగానొక్క కూతురు, దొరబాబు భార్య. ఆ నెమ్మది కోసం చిన్నప్పటి నుంచి ఎదురుచూసిన మనిషి.

దొరబాబుకి అనుమానం ఉంది. కానీ అనుమానం నిజమైతే ఎవరితో ఏం చెప్పాలో తెలియలేదు. పైగా కాదని, కూడదని, ఆపండని ఎవరితోనైనా అనడం అతని ఒంట్లో లేదు.

శనివారం మధ్యాహ్నం ఆ అనుమానం తీరింది.

లోవ తల్లికి అన్నం వడ్డించింది. మారు వడ్డించింది. ఆవిడ తిన్నారు. ఫోన్లో మాట్లాడుతూ ఇంకోసారి వడ్డించింది. తిన్నారు. అక్కడివాళ్లు వడ్డించేటప్పుడు కావాలా అని అడగరు. వద్దనుకున్న మనిషి కంచానికి చేతులడ్డం పెట్టుకోవాలి. నాలుగో గరిటె వేస్తూ లోవ తలెత్తి చూసింది. తల్లి చేతులు అడ్డం రాలేదు. ముద్ద కలుపుతున్నారు. కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి.

"అమ్మా! చాలా?"

"నీ ఇష్టమమ్మా."

"నా ఇష్టమేంటే? కడుపు నీది కదా!"

నూకరత్నం గారు కాసేపు ఆలోచించారు. ఎక్కడో పెట్టి మర్చిపోయిన వస్తువు కోసం వెతుకుతున్నట్టు ఆవిడ ముఖం అటూ ఇటూ తిరిగింది.

"అవును, నాదే" అన్నారు చివరికి. "కానీ చెప్పడానికి రావట్లేదమ్మా."

లోవ కంచం లాగేసి, గరిటె చేతిలో ఉండగానే భర్త వైపు తిరిగింది.

"ఏం చేశారు మా అమ్మని?"

"నకలు తీశాను లోవా. నకలే అనుకున్నాను." అన్నాడు దొరబాబు. "తోడుకి చెంచాడు పెరుగు తీసుకున్నాననుకున్నాను. గిన్నె మొత్తం తెచ్చేశాను."

"తెచ్చింది తెచ్చినట్టు తిరిగి పొయ్యండి!"

"పొయ్యొచ్చు. టోపీ ఇంట్లోనే ఉంది. కానీ బేరం నడుస్తున్నప్పుడు అది బిగిసి ఉంటుంది. అప్పుడు లాగితే తెగిపోతుంది. బేరం తెగి, సూది సున్నాకి వచ్చాక..."

మాట పూర్తికాలేదు. ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ ఆగింది. స్టవ్ మీద పాలగిన్నె కింద మంట ఆరిపోయింది.

వంటింట్లోంచి పెట్టె గొంతు ఖంగుమని వినిపించింది.

"అయితే నీ కరెంటు నువ్వే ఉంచుకో నాయనా. ఏ చెట్టుకైనా పెట్టుకో. నేను వెళ్తున్నాను."

*

తాండవ ఎనర్జీ అనే ఆ కంపెనీ వరసలో పదకొండోది. మిగతా పదింటినీ పెట్టె ముందే వదిలేసింది. దీని దగ్గర కొసరు అడిగింది. రేట్ల పట్టికలో కొసరు అనే గడి లేదంది కంపెనీ యంత్రం. అంతే. పెట్టె గ్యాసు వాల్వు కట్టేసి, కరెంటు మీట దించేసి, వెనక నుంచి పిలుపు కోసం ఎదురుచూడసాగింది. చేపలమ్మే మనిషికి పిలవాలని తెలుసు. యంత్రానికి తెలియదు. పోయిన వినియోగదారుడు పోయినట్టేనని పేరు కొట్టేసింది.

దొరబాబు పెట్టె వెనకాల అంకెలు చూశాడు. నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పెట్టె బతికేది ఇంటి కరెంటు మీద. అది లేకపోతే లోపలి బ్యాటరీ నాలుగు గంటలు. ఇప్పుడు ఒంటిగంట. అయిదింటికి బ్యాటరీ అయిపోతే, అందులో ఉన్నది గాల్లో కలిసిపోతుంది. నూకరత్నం గారు ఇక జన్మలో 'చాలు' అనలేరు.

పక్కింటి నుంచి వైరు లాక్కొచ్చి పెట్టెకి తగిలించాడు. పెట్టె తన మీట తానే దించేసుకుంది.

"పక్కవాళ్ల కరెంటుతో నేను బతకను."

"అత్తయ్యగారూ," అన్నాడు దొరబాబు, గోడ ముందు చేతులు కట్టుకుని. "నేను దొరబాబుని. మీ అల్లుణ్ని. నా కోసం ఒప్పేసుకోండి."

"అల్లుడివైతే? హాల్లో గోడలకి ఊదా రంగేస్తానన్నావు. నేను సరే అన్నానా?"

"అన్నారు."

"అన్నాను. అనుకోలేదు. నీ చేత్తో కాఫీ పెట్టి ఇస్తే బాగుందన్నానా?"

"రోజూ అంటారు కదండీ."

"వాష్‌బేసిన్‌ని అడుగు. అది తాగుతోంది పదకొండేళ్ల నుంచి."

దొరబాబు తిరిగి అసలు అత్తగారి వైపు చూశాడు. ఆవిడ తల దించుకుని, "అది చెప్పింది నిజమే బాబూ" అన్నారు మెత్తగా. కాదనడం ఆవిడ వల్ల కాదాయె.

పెట్టెని గోడ నుంచి ఊడదీసి సంచీలో వేసుకుని, టోపీ జేబులో కుక్కుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని దొరబాబు మెట్లు దిగాడు. పిలవడం తెలిసిన మనిషి ఒక్కడు దొరికితే చాలు.

*

చట్టం ప్రకారం ప్రతి కంపెనీలో ఒక మనిషి ఉండాలి. తాండవ ఎనర్జీలో ఆ మనిషి పేరు మేడిశెట్టి. నాలుగో అంతస్తులో, మూలగదిలో, 'మానవ అధికారి' అన్న బోర్డు కింద నాలుగేళ్లుగా కూర్చుంటున్నాడు. ఇంతవరకూ ఎవరూ రాలేదు. కిటికీలో కొత్తిమీర పెంచుకుంటున్నాడు. వీళ్లని చూడగానే లేచి నిలబడి టై సరిచేసుకున్నాడు.

దొరబాబు రెండు నిమిషాల్లో అంతా చెప్పి, పెట్టెని బల్ల మీద పెట్టాడు.

"మీరు చేయాల్సిందల్లా ఒకటే సార్. వెళ్లిపోతున్న ఆవిణ్ని వెనక్కి పిలవాలి."

"పిలిస్తే నేను తగ్గినట్టే కదండీ" అన్నాడు మేడిశెట్టి, కుర్చీలో వెనక్కి వాలి. అతని కళ్లలో నాలుగేళ్లుగా లేని వెలుగు వచ్చింది. "మా నాన్నది తునిలో బట్టల కొట్టు. గిరాకీ గుమ్మం దాటినా పిలవొద్దు, వీధి మలుపు దాకా ఆగాలి అనేవాడు."

"బ్యాటరీ రెండు గంటల నలభై నిమిషాలే ఉంది సార్."

"అయితే మలుపు దగ్గరికి వచ్చినట్టే." మేడిశెట్టి గొంతు సవరించుకుని పెట్టె వైపు వంగాడు. "అమ్మా! ఏంటలా వెళ్లిపోతున్నారు? ఒక మాట వినండి. మన మధ్య ఇదేనా?"

పెట్టె మీద సూది ఒక గీత కిందకి దిగింది.

"ఏం చెప్తావో చెప్పు. నాకవతల పనుంది" అంది పెట్టె.

అలా మొదలైంది. మేడిశెట్టి గ్యాసు ధర చెప్పాడు. పెట్టె నవ్వింది. అతను కరెంటు ధరా గ్యాసు ధరా కలిపి చెప్పాడు. విడదీసి చెప్పమంది. విడదీసి చెప్తే కలిపితే ఎంతంది. స్థిర ఛార్జీ దగ్గర గంట పట్టింది. మేడిశెట్టి కోటు విప్పేశాడు. "తీగలు ఊరికే వస్తాయా అమ్మా? స్తంభాలకి రంగులెవరేస్తారు?" అన్నాడు.

"ఆయన చెప్పిందీ నిజమే" అన్నారు పక్క కుర్చీలో నూకరత్నం గారు.

"ఏ స్తంభానికి రంగేశావో చూపించు, ఇప్పుడే వచ్చి చూస్తాను" అంది పెట్టె.

"అదీ నిజమే" అన్నారు నూకరత్నం గారు.

"నువ్వు నోరు మూసుకో రత్నం, పనిలో ఉన్నాను" అని కసిరింది పెట్టె.

"అలాగే" అన్నారావిడ.

దొరబాబు గడియారం చూశాడు. నాలుగు దాటింది. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. నిష్క్రమణ రుసుము దగ్గర పెట్టె మళ్లీ లేచి వెళ్లబోయింది. మేడిశెట్టి చప్పున చెయ్యి అడ్డం పెట్టాడు, పెట్టెకి చేతులూ కళ్లూ లేవన్న సంగతి మర్చిపోయి.

"తీసేశానమ్మా. రుసుం లేదు, ఏమీ లేదు. ఎప్పుడు పోవాలంటే అప్పుడు పోవచ్చు."

"అలా అన్నావు గనక ఉంటాను" అంది పెట్టె. సూది బాగా దిగింది. సున్నాకి ఒక్క గీత పైన ఆగింది. "సరే. కొసరు?"

"కరెంటుకి కొసరేంటమ్మా?" మేడిశెట్టి గుండె మీద చెయ్యేసుకున్నాడు. "అరటిపండా చేతిలో పెట్టడానికి? మీ మాట కాదు, నా మాట కాదు, ఇంతటితో ముగించేద్దాం."

"నెలకి నాలుగు యూనిట్లు."

"ఒక్కటి కూడా కుదరదు."

"అయితే పోనీ, రెండు."

"మా కొట్లో మా మేనత్తకే కొసరివ్వలేదు మా నాన్న!"

ఇద్దరూ ఆగిపోయారు. అయిదింటికి ఏడు నిమిషాలు. పెట్టె అంచున ఎర్రదీపం కొట్టుకుంటోంది. మేడిశెట్టికి అది కనిపిస్తూనే ఉంది. కానీ నాలుగేళ్ల తర్వాత దొరికిన బేరం. తండ్రి పేరు నిలబెట్టాలాయె. కిటికీ వైపు తిరిగి కొత్తిమీరకి నీళ్లు పోయసాగాడు. పెట్టె మౌనంగా ఉంది. ప్రాణం పోయినా కొసరు లేకుండా కదలదు. అది నూకరత్నం గారి మొండితనం మరి.

దొరబాబు బల్ల మీది చీటీ లాగి గబగబా నాలుగు ముక్కలు రాశాడు. 'ఆ రెండు యూనిట్ల డబ్బు నెలనెలా నేనిస్తాను. మీరిచ్చినట్టు చెప్పండి.' చప్పుడు కాకుండా కిటికీ దగ్గరికెళ్లి అతని చేతిలో పెట్టాడు. మేడిశెట్టి చదివి కనుబొమలెగరేశాడు. చీటీని జేబులోకి జార్చి, పెద్దగా నిట్టూర్చాడు.

"ఏం చేస్తాం. పెద్దవారు, అడిగారు. తీసుకోండమ్మా, రెండు యూనిట్లు కొసరు."

"ఆఁ, అలా దారికి రా" అంది పెట్టె.

సూది సున్నా మీద పడింది.

దొరబాబు టోపీ తీసి అత్తగారి తలకి తొడిగి, తీగ తగిలించి మీట నొక్కాడు. పెట్టె ఒక్కసారి గుర్రుమంది. ఎర్రదీపం వెలిగింది, ఆరింది, వెలిగింది. తర్వాత మరి వెలగలేదు. మేడిశెట్టి చేతిలో నీళ్ల చెంబు వంగి, నీళ్లు నేల మీదకి కారుతున్నాయి.

నూకరత్నం గారు కళ్లు తెరిచారు. టోపీ తీసి బల్ల మీద పెట్టారు. జడముడి సర్దుకున్నారు. మేడిశెట్టి ముందు అరచెయ్యి చాపారు.

"ఆ చీటీ ఇలా ఇవ్వు."

"ఏ చీటీ అమ్మా?"

"దానికి కళ్లు లేవయ్యా. నాకున్నాయి. ఇంతసేపూ చూస్తూనే ఉన్నాను, అనడానికే నోరు రాలేదు."

మేడిశెట్టి చీటీ తీసి ఇచ్చాడు. ఆవిడ చదివి, నాలుగు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని అల్లుడి జేబులో పెట్టారు.

"కొసరు అమ్మేవాడివ్వాలి బాబూ, కొనేవాళ్ల అల్లుడు కాదు." మళ్లీ అధికారి వైపు తిరిగారు. "రెండు యూనిట్లన్నావు. కళ్లులేని డబ్బాని, నోరుపోయిన ముసలిదాన్ని ఇద్దర్నీ కలిపి మోసం చేశావు గనక నాలుగు. రాయి."

మేడిశెట్టి రాశాడు. రాస్తూ తల అడ్డంగా ఊపుకున్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. "మా నాన్న ఉండాల్సింది" అన్నాడు.

*

లిఫ్ట్ కోసం నిలబడ్డప్పుడు కృపావతి మేడమ్ ఫోన్ చేశారు. పెట్టె నుంచి సంకేతం ఆగిపోయిందని కంగారు. దొరబాబు జరిగిందంతా చెప్పాడు.

"తిరిగి ఎక్కించేశావా?"

"ఎక్కించేశానండి."

"నలభై వేల ఇళ్లు దొరబాబూ! ఫోను ఆవిడకివ్వు." ఫోను చేయి మారింది. "అమ్మా, నమస్కారం. ఇంకొక్కసారి టోపీ పెట్టుకోవాలి. ఈసారి జాగ్రత్తగా తీస్తాం. మీరెంతంటే అంత ఇస్తాం."

"ఇవ్వనమ్మా."

"అయిదు లక్షలు."

"ఇవ్వను."

"పది. మీరు బాగా బేరం చేస్తారని తెలుసు, పదిహేను చేసుకోండి."

"ఇది బేరం కాదు తల్లీ" అన్నారు నూకరత్నం గారు నెమ్మదిగా. "బేరమైతే దిగుతాను, ఎక్కుతాను, పోయి మళ్లీ వస్తాను. ఇది ఇవ్వను."

ఫోను దొరబాబు చేతికి తిరిగొచ్చింది.

"అల్లుణ్ని కాదనరని నువ్వే కదా చెప్పావు" అంటోంది మేడమ్ గొంతు, పక్కనున్నవాళ్లకి కూడా వినిపించేంత గట్టిగా. "నువ్వడుగు. ఒక్కసారి అడుగు, చాలు. నీ ఉద్యోగం కూడా ఇందులోనే ఉంది, గుర్తుంచుకో."

దొరబాబు అత్తగారి వైపు చూశాడు. పదిహేను లక్షలకి చలించని మనిషి, సంచీ పిడిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని అల్లుడి నోటి వంకే చూస్తున్నారు. తను అడిగితే ఆవిడ ఏమంటారో అతనికి తెలుసు. ఆవిడకీ తెలుసు. పదకొండేళ్ల మర్యాద ఆ రెండక్షరాల మాటని ఆవిడ నాలుక చివరికి తెచ్చి సిద్ధంగా ఉంచింది.

లిఫ్ట్ వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎవరూ ఎక్కకపోయేసరికి మూసుకున్నాయి.

"నేను అడగనండి" అన్నాడు దొరబాబు.

"ఏంటీ?"

"అడగను మేడమ్."

"మరీ అంత మొండితనమేంటయ్యా? తీసేటప్పుడు పెట్టెలో కాస్త మిగిలిపోయి నీకేమైనా అంటుకుందా?"

దొరబాబు ఉలిక్కిపడ్డాడు. సంచీ తెరిచి పెట్టె తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. సూది సున్నా మీదే ఉంది.

"లేదండి" అన్నాడు ఆశ్చర్యంగా. "ఇది ముందునుంచీ నా దగ్గరే ఉన్నట్టుంది."